తాళం లేని బ్రూచి

కరీంనగర్ జిల్లా, గోదావరిఖని నివాసిని, గనిలో పనిచేసి రిటైరై చనిపోయిన కలవల యేసుదానం భార్యను అయిన నేను, సుసన్నా, వయసు డెబ్బై రెండు, ఈ కాగితం రాయిస్తున్నాను. కళ్లకు మసక ఉంది, మోకాళ్లు పనిచేయవు. మతి మాత్రం సరిగ్గానే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకు ముందు వీలునామా ఏదీ రాయలేదు. నా తరువాత దీన్ని అమలు చేయవలసినవాడు నా కొడుకు శాంతిరాజ్.

1. రెండు గదుల రేకుల ఇల్లు, వెనుక ఖాళీ జాగా శాంతిరాజ్‌కు. జామచెట్టు కొట్టకూడదు. వాళ్ల నాయన పాత గని టోపీ కూడా అతనిదే. ముందుగా దాని లోపలి పట్టీ కింద ఉన్నదాన్ని తీయాలి.

2. కుట్టుమిషను కోడలు సారికకు. అడగకుండా చాలాసార్లు వాడింది, ఇక అడగనక్కర లేదు.

3. నా పెళ్లినాటి తెల్లచీర ఎవరికీ ఇవ్వడం లేదు. నన్ను పెట్టెలో పడుకోబెట్టినప్పుడు అదే కప్పాలి. ఎడమ భుజం దగ్గర రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిని మడతలో దాచకూడదు, అందరికీ కనబడాలి. ఎందుకో కింద చెప్పాను.

4. మా అత్త పూలమ్మ మిషన్ దవాఖానలో ఆయాగా చేసేది. అక్కడి దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ, తన అమ్మమ్మ నాటి బ్రూచి ఆమెకు ఇచ్చింది. చీర కొంగును భుజం మీద పట్టి ఉంచే పిన్ను అది. వెండి చట్రం, నడుమ ఒక తెల్లరాయి, చుట్టూ ఆరు. "నేను పెట్టుకుంటే నవ్వుతరు" అని అత్త పెట్టుకోలేదు. కోడళ్ల పెళ్లిళ్లకు తన చేత్తో గుచ్చాలని దాచింది. 1956లో నా పెళ్లిచీరకు గుచ్చింది, ఆ రెండు రంధ్రాలు దానివే. ముందు నాకే. నాలుగేళ్లకు మా మరిది పెళ్లిలో ఒక్క పూటకని అడిగి తీసుకుని నా తోడికోడలు సారవ్వకు గుచ్చింది. మళ్లీ నా దగ్గరికి రాలేదు. అడిగితే, "నీ భుజం జారుడు బిడ్డా, నీకు పిన్ను నిలువది. దాని భుజం చూడు, గోడకు కొట్టిన మేకు లెక్క నిలవెడ్తది" అంది. అప్పుడు సారవ్వ అక్కడే బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తలేదు. నవ్వుకుందనే నేను అనుకున్నాను.

తరువాత మేమంతా మిషన్ గుడి మాని వేరే సంఘంలో చేరి బాప్తిస్మం తీసుకున్నాం. మా సంఘంలో ఆ రోజు ఆడవాళ్లు గాజులు, కమ్మలు, పుస్తెలు అన్నీ తీసేయాలి. తీసేశాం. బ్రూచి దగ్గర పెద్దలు ఆగారు. "గది నగ గాదు, చీరకు ఆసరా" అని తేల్చారు. దాంతో ఆదివారం ఆరాధనలో ఆడవాళ్ల వైపు మెరిసేది ఒక్కటే మిగిలింది. అది సారవ్వ భుజం మీద ఉండేది. ప్రార్థనలో కళ్లు మూసుకోవాలి. పదిహేనేళ్లు నేను సగమే మూశాను.

5. 1983 క్రిస్మస్ ఆరాధనలో అందరం లేచినప్పుడు సారవ్వ కొంగు జారి బ్రూచి చాప మీద పడింది. ఆ కాలపు బ్రూచికి సూది అంచు దాటి పొడుగ్గా ఉంటుంది, కొక్కేనికి తాళం ఉండదు. అందుకే ఆమె దారం చుట్టేది. ఆ రోజు మరిచింది. నేను వంగి తీసుకుని రవికెలో దోపుకున్నాను. ఆమె చాపలు ఎత్తించి వెదికింది. నేనూ వెదికాను. ఆమె ఎవరి మీదా నింద వేయలేదు. వేసి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. తరువాతి ఆదివారం నుంచి ఇనుప పిన్నీసు పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. పిన్నీసుతో కూడా ఆ కొంగు చక్కగానే నిలిచింది.

బ్రూచిని మా ఆయన పాత టోపీలో దాచాను. ఒక్కసారీ పెట్టుకోలేదు. ఒకరోజు బంగారాన్ని కడిగినట్టే కుంకుడు రసంలో నానేసి కడిగాను. వారం తిరగకముందే రాళ్లు నల్లబడ్డాయి. మమ్మల్ని ఎరగని కంసాలి కావాలని మంథని వెళ్లి చూపించాను. "ఇవి రవ్వలు గావమ్మా, అద్దం. ఎనుక రేకు వెట్టి మెరిపిచ్చిండ్రు. రేకుకు నీళ్లు తగిలితె ఐపాయె. నూరేండ్ల కిందటి పని, ఇప్పుడు చేసెటోడు లేడు" అన్నాడు. నేను కుళ్లుకున్నది అద్దాన్ని చూసి. అది తెలిశాక కూడా కుళ్లు తగ్గలేదు.

బ్రూచి సారవ్వకు చెందాలి. బతికుండగానే ఇద్దామని మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మూడుసార్లూ చాయ్ తాగి వచ్చాను.

6. అయిదోది వినిపించాలని సారవ్వను పిలిపించాను. లేఖరి చదివాడు. ఆమె అంతా విని, "నువ్వు వంగుడు నేను చూసిన అక్కా" అంది. ఇరవై ఆరేళ్లుగా తెలిసి ఊరుకుంది. "నాకొద్దు. నీ భుజం మీద నిలువకున్నా నీ ఇంట్లనన్న నిలిచింది గద" అని నవ్వింది కూడా. సాక్షి సంతకం తానే పెడతానని కలం అడిగింది. "సాక్షి సంతకం పెడ్తె నీకు రాసింది చెల్లదు అవ్వా" అన్నాడు లేఖరి. "గందుకే పెడ్తున్న, జల్ది ఇయ్యి" అంది. నేను సంతకం చేశాక ఆమె చేసింది. ఈ ఆరోది కింద రాయించి, అందరం మళ్లీ సంతకాలు చేస్తున్నాం.

కాబట్టి అయిదులోని దానం రద్దు. బ్రూచి సారవ్వ మనుమరాలు సుజితకు. పెళ్లినాడు దాన్ని గుచ్చవలసింది నా కోడలు సారిక. సారవ్వ గుచ్చరాదు. దారం చుట్టాలి. నీళ్లు తగలనీయకూడదు.

సారవ్వ సంతకం గీత మీద పెట్టినట్టు నిటారుగా ఉంది. నాది పక్కకు జారింది. ఈ కాగితం చదివేవారు రెంటినీ పోల్చి చూడకూడదని కోరుతున్నాను.

గోదావరిఖని, 14 నవంబరు 2009

(సంతకం) కలవల సుసన్నా

సాక్షులు:
1. కలవల సారవ్వ, తోడికోడలు
2. అనసూర్య, పొరుగింటి టీచరు

దస్తూరి: వేంకటరమణ, మంథని