ఎడమచేతిలో కత్తెర

సెలూను, మొదటి కుర్చీ
14 నవంబరు, సోమవారం (మనకు సెలవు)

చిరంజీవి మా పిచ్చుకకు,

నాన్న మనసారా దీవించి రాస్తున్నాడు. ఇక్కడ నేను, మీ అమ్మ, మీ అమ్మ కుట్టుమిషను, నా రెండు కుర్చీలు అందరమూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ పెన్సిళ్ళూ, వేళకు అన్నం పడుతోందో లేదో తెలియని నీ పొట్టా క్షేమమని తలుస్తాను.

ఉన్నట్టుండి ఉత్తరమేమిటి, ఈయనకేమైంది అనుకుంటావు. నిన్నటినుంచి ఫోను చేస్తుంటే ఎత్తడం లేదు. ఎత్తినా నేను నోరు తెరిచేలోపే సరే నాన్నా, ఉంటాను నాన్నా అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు. పైగా దీన్ని తెస్తున్నది మన బస్సు డ్రైవరు. నువ్వు ఆఖరి ముక్క దాకా చదివితేగానీ కదలొద్దని చెప్పి పంపుతున్నాను. ఆయన సంగతి నీకు తెలుసుగా, నిలబడమంటే నిలబడతాడు, నిలబడ్డంతసేపూ కబుర్లు చెబుతాడు. కాబట్టి తొందరగా చదువు.

ముందు ఇక్కడి విశేషాలు. రెండో కుర్చీకి సీటు చిరిగిందని చెప్పాను కదా, మీ అమ్మ కొత్త రెక్సిను వేసి కుట్టేసింది. ఎంత బిగించి కుట్టిందంటే కూర్చున్నవాడు ముందుకు జారిపోతున్నాడు. లెక్కల మాస్టారికి కంటి ఆపరేషను అయింది. మొన్న కటింగుకు వచ్చి అద్దంలో చూసుకుని, ఇంత ముసలాణ్ణి ఎప్పుడయ్యానురా అని నామీద విరుచుకుపడ్డారు. అదేదో నేను కత్తెరతో చేసిన పని అయినట్టు.

ఇక అసలు సంగతికి వస్తాను. శనివారం రాత్రి నువ్వు మీ అమ్మకు ఫోను చేసి ఏడ్చావట. నాన్నకు చెప్పొద్దన్నావట. మీ అమ్మ కడుపులో మాట దాచుకునే మనిషేనా? నువ్వు ఫోను పెట్టేయగానే నా దగ్గరికి వచ్చి మొత్తం కక్కేసింది.

వచ్చే శనివారం మీ కాలేజీలో బొమ్మల ప్రదర్శన. ఆఖరి సంవత్సరం పిల్లల్లో నీ ఒక్కదానికే గోడంతా ఇచ్చారు. (ఈ ముక్క నేను ఇక్కడ ఎంతమందికి చెప్పానో నీకు తెలియదు. గడ్డానికి వచ్చినవాడికల్లా చెప్పాను. సబ్బు రాశాక వాళ్ళు నోరు తెరవలేరు కనుక మొత్తం విన్నారు.) ఆ గోడకు నువ్వు మన సెలూనుకు వచ్చే మనుషుల బొమ్మలే తగిలించావు. మీ డ్రాయింగు సారు వచ్చి తీరిగ్గా చూసి, బాగున్నాయమ్మా, మీ నాన్నగారిది ఎడమచేతి వాటమా అని అడిగారు. కాదు సార్ అన్నావు. మరి ప్రతి బొమ్మలోనూ కత్తెర ఎడమచేతిలో ఉందేమిటి అన్నారు.

అంతే, నువ్వు ఫోను తీశావు.

నిజమేనమ్మా. మన సెలూనులో నీ బెంచీ కుర్చీల వెనక గోడకు ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు నేరుగా కనిపించేది తల వెనక భాగం. మొహం కావాలంటే అద్దంలో చూసుకోవాలి. చిన్నప్పటినుంచి నువ్వు గీసిన మొహాలన్నీ ఆ అద్దంలోంచి దిగినవే. అందరి పాపిడీ పక్క మారింది, పుట్టుమచ్చలు ఈ బుగ్గ మీదినుంచి ఆ బుగ్గ మీదికి వెళ్ళాయి, నేను ఎడమచేతివాణ్ణయ్యాను. ఇన్నేళ్ళలో అది నీకు తట్టలేదు. నాకు మాత్రం ఎలా తడుతుంది? షాపు తెరిచింది మొదలు మూసేదాకా నేనూ నన్ను అద్దంలోనే చూసుకుంటాను. అందులో నాది ఎడమచేయే.

నా బొమ్మలన్నీ తప్పు, అందరి మొహాలూ తిరగేసి పెట్టాను, ఇదంతా ఆ బెంచీ వల్లే, నాన్న నన్ను ఆ మూలన పడేయకుండా కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఉంటే మనుషుల్ని తిన్నగా చూసేదాన్ని అన్నావట. అన్నీ దింపేసి, గోడకు ఒక కుండా నాలుగు పళ్ళూ గీసి పెడతానన్నావట. కుండకు కుడీ ఎడమా ఉండవు కాబట్టి ఎవరూ వంక పెట్టరనుకున్నావు కాబోలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మీ సారు మీద కాదు. ఆయన కళ్ళే కళ్ళు. ఇన్నేళ్ళకు నా చేతిని పట్టించుకున్న మొదటి మనిషి ఆయన. ఈ పక్కకు వస్తే కటింగు నాదని చెప్పు. మండింది నీ మీద. మా పిల్ల కుండలు గీస్తుందా? నా షాపులో పెరిగిన పిల్ల?

నువ్వు మొట్టమొదట గీసింది కాగితం మీద కూడా కాదు. చలికాలంలో వేడినీళ్ళ ఆవిరి పట్టిన అద్దం మీద, రెండో కుర్చీ ఎక్కి, వేలితో. రెండు కళ్ళు, ఒక ముక్కు, కింద ఇంత మీసం. కుర్చీలో ఉన్నాయన అది తనేనని పట్టేసి ఎంత మురిసిపోయాడో! ఆవిరి ఆరిపోయి మీసం మాయమైతే నువ్వు ఏడ్చావు. ఏడుపు మాన్పడానికి నీ చేతికి పెన్సిలు ముక్క ఇచ్చాను. అది మొదలు నా షాపులో తెల్లకాగితం మిగిలితే ఒట్టు.

బెంచీ మీద పడి ఉండే పేపరు అంచులన్నీ బాల్‌పెన్నుతో నింపేశావు. సినిమా పేజీ చూద్దామని తీసినవాడికి పక్కనే తన మొహం కనిపించేది. తరవాత బొగ్గుముక్క పట్టావు. అది చేయి తగిలితే చెరిగిపోతోందని నా హెయిర్ స్ప్రే డబ్బాలు బొమ్మల మీదే ఖాళీ చేశావు. ఏమిటండీ ఈ వాసన అని ఎవరైనా ముక్కు మూసుకుంటే, మా అమ్మాయి బొమ్మలకు జుట్టు నిలబెడుతోంది అనేవాణ్ణి. ఆ పైన రంగు సుద్దలు. నా తెల్ల టవళ్ళు ఏ రంగుకు తిరిగాయో చెప్పను, మీ అమ్మ మళ్ళీ మొదలుపెడుతుంది. బ్యాంకు మేనేజరుగారిని దేనితో గీశావో గుర్తుందా? ఆయన జుట్టుకు వేయగా గిన్నెలో మిగిలిన నల్లరంగు, నేను పారేసిన షేవింగు బ్రష్షు. నాలుగు విసుర్లలో మనిషి దిగిపోయాడు. ఎంత బాగా కుదిరిందమ్మా, ఇది ఏ ఇంకు అని ఆయన అడిగితే మనిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పటికీ ఆయనకు తెలియదు. ఆ బొమ్మ నీ గోడ మీద ఉందని విన్నాను. కింద దేనితో గీశావో రాయకు, నా బేరం పోతుంది.

ఊళ్ళో ఏ డ్రాయింగు స్కూల్లోనూ దొరకనంతమంది కదలకుండా కూర్చునే మనుషులు నీకు దొరికారు. మెడకు గుడ్డ చుట్టి, గొంతు మీద కత్తి పెట్టాక ఎవడు కదులుతాడు? ఇదంతా నా గొప్పేనని కాదు. అయినా కొంత నాదే.

సరే, చదువు. నిన్న ఆదివారం షాపు కిటకిటలాడుతోంది. నువ్వు ఇంట్లో వదిలేసి వెళ్ళిన బొమ్మల్లో డ్రైవరుది ఒకటి దొరికింది, బాల్‌పెన్నుతో గీసినది. తీసుకెళ్ళి కుర్చీ పక్కన గోడకు అంటించాను. ఆయన గడ్డానికి వచ్చి కూర్చుని చూశాడు. ఓరి నాయనో, అచ్చు గుద్దినట్టు నేనే, కనుబొమ్మ మీద గాటు కూడా వదల్లేదు మీ అమ్మాయి అని కుర్చీలోంచి లేవబోయాడు. నేను కత్తి పక్కకు తీయబట్టి సరిపోయింది.

ఇంతలో ఆయన భార్య వచ్చింది. బజారుకు వెళ్దామని చెప్పి ఇక్కడ కూర్చున్నారా అని కేకలేస్తూ వచ్చిన మనిషి, బొమ్మ చూసి ఆగింది. తల అటు వంచింది, ఇటు వంచింది. బాగానే ఉందిగానీ అన్నయ్యగారూ, ఏదో తేడాగా ఉంది, ఈయన తమ్ముడిలా ఉన్నాడు అంది. డ్రైవరు ఊరుకుంటాడా? ముప్ఫై ఏళ్ళుగా నేను రోజూ చూసుకునే మొహం, నాకు తెలియదా అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నేనూ ఆ మొహమే చూసి చస్తున్నాను అంది ఆవిడ. షాపంతా రెండు పార్టీలైపోయింది.

నేను బొమ్మను గోడ మీదినుంచి తీసి అద్దానికి ఎదురుగా పట్టుకున్నాను. ఆవిడ అద్దంలోకి చూసి, ఇదీ, ఇదీ మా ఆయన, ఆ వెధవ చూపు కూడా అదే అని చప్పట్లు కొట్టింది. డ్రైవరు అద్దంలోకి చూసి మొహం చిట్లించి, వీడెవడండీ అన్నాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సబ్బు నురగ పడిందని చెప్పి తుడుచుకున్నాను. పిచ్చుకా, మనిషిని పక్కవాడు చూసినట్టు ఎవరైనా గీస్తారు. నువ్వు గీసింది వాడు తనను తాను చూసుకునే మొహం. పొద్దున్నే లేచి దువ్వుకునేటప్పుడు, ఇంటర్వ్యూకు వెళ్ళే ముందు, పెళ్ళిచూపులకు వెళ్ళే ముందు ఒంటరిగా చూసుకుంటాడే, ఆ మొహం. అది ఇంకెవరికీ కనిపించదు, వాడికీ అద్దానికీ తప్ప. దాన్ని నువ్వు కాగితం మీదికి దించావు. తెలియక చేశావంటావా, అనుకో. తెలిసి చేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమను మీ కాలేజీలో.

అందుకని నా మాట విను. ఒక్క బొమ్మా దింపకు. ఒక్క పాపిడీ దిద్దకు. ఈ ఉత్తరంతోపాటు డ్రైవరు బస్సు వెనక సీట్లో పాత దుప్పట్లలో చుట్టి ఒక అద్దం తెస్తున్నాడు. నా కుర్చీ ముందు ఉండేదే, కింద మూల పగిలినది. ఇందాకే విప్పాను. నా కుర్చీకి రెండో కుర్చీ అద్దం బిగించుకుంటాను, దానికేం. దీన్ని నీ గోడకు ఎదురుగా తగిలించు. వచ్చినవాళ్ళు ముందు బొమ్మ చూస్తారు, తరవాత వెనక్కి తిరిగి అద్దంలో చూస్తారు. భర్త ఒకవైపు, భార్య ఒకవైపు నిలబడి పోట్లాడుకుంటే ఇంకా మంచిది. అద్దంలో నా కత్తెర కుడిచేతికి వచ్చేస్తుంది, నా పరువూ దక్కుతుంది. ఇది నాకు తోచిన ఉపాయం. గోడ నీది, సారును అడిగి ఎలా కావాలంటే అలా చేసుకో. కుండలు మాత్రం వద్దు.

శనివారం మేమిద్దరం వస్తున్నాం. శనివారం సెలూను మూస్తే నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. అయినా తలుపుకు బోర్డు తగిలించాను, మా అమ్మాయి గోడ చూడ్డానికి వెళ్తున్నాం, గడ్డాలు ఆదివారం దాకా పెంచుకోండి అని. మీ అమ్మ కొత్త చీర తీసింది. నేను జేబులో కత్తెర పెట్టుకుని వస్తాను. ఎవరైనా నన్ను ఎడమచేతివాడు అంటే అక్కడికక్కడే తీసి చూపిస్తాను.

తల ఎత్తుకుని నిలబడు. నీ జుట్టు కూడా కాస్త సరిచేయాలి, ఎలాగూ వస్తున్నాను.

నిన్ను చూసి పొంగిపోయే,
కుడిచేతి వాటం గల
నాన్న

తా.క. అద్దం వెనక అట్ట మీద ఒక బొమ్మ ఉంది. గీసింది నేనే. అద్దం విప్పి కింద పెట్టాక, నువ్వు సొరుగులో వదిలేసిన బొగ్గుముక్క కనిపించింది, చేయి ఊరుకోలేదు. చెరిగిపోకుండా స్ప్రే కూడా కొట్టాను. బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి గీసుకుంటున్న పిల్ల. చేతులు సరిగ్గా రాలేదు, మొహం మాత్రం వచ్చింది. మీ అమ్మ చూసి, దాని పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద కదా, కుడి బుగ్గ మీద పెట్టారేమిటి, కన్నకూతురి మొహం కూడా తెలియదా అని దులిపేసింది.

నాకు తెలిసిన చోటే పెట్టాను. నిన్ను మూలన పడేశానని ఎప్పుడూ దెప్పుతావు కదా. కిటికీ దగ్గర కూర్చుంటే నీకు మనుషులు తిన్నగా కనిపించేవాళ్ళు, ఒప్పుకుంటాను. కానీ కిటికీ పక్కకు ఉంది. కత్తి చేతిలో ఉన్నవాడు మెడ పక్కకు తిప్పకూడదు. అందుకే కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, వాడి చెవి పక్కనుంచి అద్దంలోకి చూస్తూ, నువ్వు పూర్తిగా కనిపించే చోటు దొరికేదాకా ఆ బెంచీని అటూ ఇటూ జరిపి, దొరికాక నేనే మేకులు కొట్టాను. మళ్ళీ కొట్టమన్నా అక్కడే కొడతాను. నువ్వు అద్దంలో వాళ్ళను చూస్తూ పెరిగావు. నేను అద్దంలో నిన్ను చూస్తూ గడ్డాలు గీశాను.

ఆ పుట్టుమచ్చ దిద్దకు.