బానెట్ మీద కొబ్బరికాయ

మాదాపూర్,
అక్టోబరు 1973

సీతారామాంజనేయులు బావకు,

నా పరువు తీసింది నువ్వే! పాతకాలపు విలాయతీ రేసుకారు బొమ్మ చూసి, మా పెరట్లో రేకు సాగగొట్టి, అచ్చం అలాంటి కారే కట్టాను. జమీందార్లు ఊరేగిన బండిని సామాన్యుడూ తయారుచేయగలడని రుజువు చేద్దామనుకున్నాను. స్టార్టు కాకపోతే కారణం వెతకాలి. నువ్వేం చేశావు? దసరానాడు నేను స్నానానికి వెళ్లిన సందు చూసి, మీ చెల్లెలి చేత దానికి బొట్టు పెట్టించి, నున్నటి బానెట్ మీద కొబ్బరికాయ కొట్టావు. బానెట్ సొట్టపోయింది. ఆవిడ తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది!

పక్కింటి పెంటయ్య గోడమీంచి అంతా చూశాడు. "ఏంది సారూ, దేవుడు లేడంటివి గదా! నీ బండికి ఎరుకైంది, నీకే కాలేదాయె" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో వాళ్లంతా వచ్చి దానికి నిమ్మకాయలు కడుతున్నారు. వచ్చే ఆదివారం ఆ కారులోనే వెళ్లి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వాలి నేను! వదులైన తీగ ఏదో నీ దెబ్బకు అతుక్కుందంటే ఒక్కడూ వినడు. పైగా నిన్నటి నుంచి అది మళ్లీ మొండికేసింది.

కాబట్టి నా డిమాండ్లు ఇవి:

ఒకటి, శనివారానికల్లా ఇక్కడుండు.

రెండు, సొట్ట నీ చేత్తోనే తియ్యి.

మూడు, అదంతా తీగ మహిమేనని సభలో పెంటయ్య ఎదుట ఒప్పుకో.

నాలుగు, వచ్చేటప్పుడు గట్టి కొబ్బరికాయ ఒకటి పట్రా. పూజకు కాదు, ప్రయోగానికి. సొట్ట తీయకముందే, సరిగ్గా అదే చోట కొట్టాలి.

ఐదు, మీ చెల్లెలికి తెలియనివ్వకు.