శైలు వదిలిన క్రేన్

శైలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ లాప్‌టాప్‌లో బండ్లు తయారుచేసే ఆ గేమ్ తెరిచాను. నువ్వు సగంలో వదిలిన క్రేన్ టేకు దుంగ ఎత్తగానే, దాని చెయ్యి కీలు దగ్గర ఊడిపోతోంది. తల్లాడలో ట్రాలీలకు వెల్డింగ్ చేసేవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను. కీలుకు రెండువైపులా పట్టీలు వేసి, మోటారు వేగం తగ్గించాను. ఈసారి చెయ్యి వణకకుండా దుంగను లేపింది. ఆ సంబరంలో సేవ్ నొక్కేశాను.

మీ అమ్మ వచ్చి చూసింది.

"మంచిగనే లేపుతుంది. మరి మన పిల్ల చేసింది ఏదయ్యా?"

ఎంత వెతికినా దొరకలేదు. నీ క్రేన్ చెరిగిపోయి, దాని చోట నాది ఉంది.

"ఇదే," అని మీ అమ్మకు అబద్ధం చెప్పాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

నాన్న