చేనులో దొరికిన నెలవంక

8-8-1982
సాయంత్రం యూనివర్సిటీలో స్లైడ్ షోకు పోయినాము. ఐర్లాండు దేశపు పాత బంగారం. మెడకు పెట్టుకునే కంటె ఒకటి చూపించినారు. నెలవంక ఆకారం, కాగితమంత పలచన. నాలుగు వేల ఏండ్ల నాటిదట! బురదనేల తవ్వుతుంటే బయటపడిందట. దొంగల భయానికి దాచింది కాకపోవచ్చు, దేవుడికి సమర్పించి ఉంటారు అన్నాడు లెక్చరర్. అంటే మొక్కు! నాకు ఒళ్ళు పులకరించింది. పక్కన మావారు గురక.

9-8-1982
వంట చేస్తున్నా ఆ నెలవంకే కళ్ళ ముందు. ఏ ఇల్లాలు పెట్టుకునిందో. ఏమి కోరుకునిందో.

19-8-1982, మధ్యాహ్నం
సత్యవేడులో మా చేను చేసే మునస్వామి, భార్య మునిరత్నమ్మ వచ్చినారు. బావి తవ్వుతుంటే కుండ పగిలి దొరికిందట. పసుపు గుడ్డ విప్పితే, పెరుమాళ్ళే, బంగారు నెలవంక! స్లైడులో దానికంటే చిన్నది. అదే పలచన. మునిరత్నమ్మ చింతపండుతో తోమి, కుంకుమ పెట్టి మరీ తెచ్చింది.

దొరికిన బంగారం ఇంట్లో ఉంటే పిల్లోళ్ళకు కీడు, హుండీలో ఏస్తామని సామికి మొక్కేసినామమ్మా, రేపే కొండకు పోతాం అనింది. హుండీలో పడితే కరిగిస్తారు, కలెక్టరుకు అప్పగిస్తే మ్యూజియంలో నిలుస్తుంది అన్నాను. మ్యూజియం సామికన్నా పెద్దదా అని అడిగింది.

సాయంత్రం 5
బదులుగా నా బంగారు గాజులు వేస్తే? అని అడిగినాను. మునస్వామి సరే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, సామినే అడగాల అనింది. రెండు పూలు రెండు పొట్లాలు కట్టి పటం ముందు పెట్టినాము. తెల్లది వస్తే హుండీకి గాజులు, ఎర్రది వస్తే నెలవంక. ఆమే తీసింది.

మల్లెపువ్వు!

తవ్వకుండానే మనింట్లోంచి కూడా బంగారం బయటపడుతోందే అన్నారు మావారు. నవ్వుతూనే.

23-8-1982
చిత్తూరు పోయి కలెక్టరాఫీసులో అప్పగించినాము. అక్కడికి వచ్చిన మ్యూజియం ఆయన చింతపండు సంగతి విని, పాత మట్టి తోమేస్తే కాలం ఎట్లా తెలిసేది అని తల పట్టుకున్నాడు. మట్టితోనే సామి ఎదుటికి పోతుందా సార్ అని మునిరత్నమ్మ గదిమింది. ఎన్నేండ్లదో ఇప్పుడే చెప్పలేడట. కానీ దూదిలో పెట్టేటప్పుడు పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. నేను చూసినాను!

25-8-1982, కొండమీద
మునిరత్నమ్మా నేనూ చేతులు కలిపి గాజులు హుండీలో వదిలినాము. చేతికి మట్టిగాజులే మిగిలినాయి. ఎంత తేలిక! కంటె మొక్కుగా వదిలిననాడు ఆ పాతకాలపు ఇల్లాలి మెడ కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది.