గాజు పెట్టెలోని చిల్లు వడ

ఆదోని,
12-11-2024, మంగళవారం.

చిరంజీవి ఫర్జానాకు,

మహాదేవి వాళ్లమ్మ హులిగమ్మ దీవించి రాయునది. మీ అమ్మ గుల్జార్ బీకి, మీ నాయనకు నా సలాములు చెప్పు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని పెద్దకడుబూరు బడిలో ఐదో తరగతిలో నేర్పించారు. ఆ తరగతితోనే నా చదువు ఆగింది. ఇప్పుడు ఆ మాట రాయబోతే చెయ్యి సాగలేదు. మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, మహాదేవి నాయన ఆలూరు రోడ్డులో ఆటో తిప్పుతున్నాడు, నేను పత్తి మిల్లుకు పోతున్నాను. అంతవరకు రాస్తున్నాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే మంచిదిలే. ఎత్తితే నా నోరు మళ్లీ ఏమంటుందో నాకే నమ్మకం లేదు. కాగితం మీదైతే తప్పు మాటను కొట్టేయవచ్చు.

పోయిన వారం ఆదోని మార్కెట్లో మీ అమ్మ కనపడింది. నన్ను చూసి పక్కకు తిరిగి పోలేదు. అంత మంచి మనిషి. నేనే సిగ్గు విడిచి, ఫర్జానా ఎట్లా ఉందని అడిగాను. "ఏం సెప్పేది హులిగమ్మా, బెంగళూరు కొట్టోళ్లు మళ్లా రమ్మంటాండారు. ఒకటో తేదీకి రాకుంటే ఇంకొకరిని పెట్టుకుంటారంట. ఇది పోనంటాది. గడప దాటదు. తీపి ముట్టదు, టీ కూడా చక్కెర లేకుండా తాగుతాంది. ఎందుకే అంటే, సిన్నమ్మ నోట వచ్చింది కదమ్మీ అంటాది" అని చెప్పి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నా నోట ఏం వచ్చిందో నీకు గుర్తుంది, నాకూ గుర్తుంది. ఆగస్టులో మహాదేవిని మట్టిలో పెట్టిన చోట, అందరి ముందర, నీ చెయ్యి పట్టి గుంజి, "నా బిడ్డను బెంగళూరికి తీసకపోయి మింగినావు కదే, నీ బతుకులో తీపనేదే లేకుండా పోనీ" అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకోవాలనే ఈ జాబు. శాపం పెట్టడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది గానీ, తీయడం ఎట్లాగో ఎవరిని అడగాలి చెప్పు.

మీ అమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. ప్రాణం తీసిన ఆ జ్వరం తగ్గిందని మహాదేవి చెబితే నమ్మి డ్యూటీకి పోయాననీ, నమ్మకుండా ఉండాల్సిందనీ, పనిచేస్తూ చేస్తూ ఆగిపోయి అంటూ ఉంటావంట. ఆ మాట విన్నప్పటి నుంచి నేను కుదురుగా లేను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. మిల్లులో పత్తి ఏరుతూ ఏరుతూ లేచి గేటు దాకా పోయి వస్తున్నాను. మేస్త్రీ జయన్న "ఏమక్కా, కాళ్ల కింద చీమలు పోసినారా ఎవరన్నా" అని నవ్వాడు.

మీ అమ్మ కనపడిన నాలుగో నాడు రైలెక్కి బెంగళూరు పోయాను. మహాదేవి నాయనకు ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోతున్నానని చెప్పాను. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడాను, ఏం చేసేది.

ఎందుకు పోయానని అడుగుతావు. మీరిద్దరూ పనిచేసిన ఆ డోనట్ల కొట్టును కళ్లారా చూడాలని. అక్కడిది తిని చూసి, మన ఆదోని మాబు సాబ్ బాదుషా కంటే, మీ ఎమ్మిగనూరు తిక్కయ్య పాకం వడ కంటే అందులో ఏం ఎక్కువ ఉందో తేల్చుకోవాలని. మనదే బాగుంటే, లేనిపోని దానికోసం నా బిడ్డను ఊరు దాటించావని నిన్ను తిట్టుకుంటూ బతకొచ్చు. నా పిచ్చి అట్లా పోయింది.

మొన్న పీర్ల పండగకు మీరిద్దరూ ఒక డబ్బా తెచ్చారు గుర్తుందా. మూత తీస్తే ఆరు, రంగు రంగులవి. నేను ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "ఇదేంటిదే, చిల్లు వడకు సబ్బు పూసినారా" అన్నాను. మహాదేవి మూతి ముడుచుకుంది. నువ్వు మాత్రం కడుపు పట్టుకుని నవ్వావు. మరునాటికి అవి గట్టిపడితే, "సూడు, బాదుషా రెండోనాటికి పాకం పీల్చి ఇంకా మంచిగైతాది. ఇది రెండోనాటికి సచ్చిపోతాది" అని ఇంకా ఎగతాళి చేశాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది చూడు.

కొట్టు నేననుకున్నట్టు లేదు. గాజు తలుపు తోసుకుని పోతే చలి. నూనె వాసన లేదు, పొయ్యి కనపడదు, చెమట పట్టిన మనిషి లేడు. గాజు పెట్టెలో వరసగా పెళ్లికూతుళ్లలా కూర్చోబెట్టారు. కొన్నిటికి చిల్లు కూడా లేదు, కడుపులో జాం అంట. కౌంటర్లో తుమకూరు పిల్ల ఈశ్వరి ఉంది, నీకు తెలుసు. గోధుమరంగు టోపీ పెట్టుకుని "యావుదు బేకమ్మా" అని, ఏది కావాలమ్మా అని అడిగింది. మన ఆదోని కన్నడంలో "యావుదాదరూ కొడమ్మా, ఎల్లా ఒందే తరా కాణతావె" అన్నాను, ఏదైనా ఇవ్వమ్మా, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని. అది నవ్వి, "అట్లా అనొద్దమ్మా, మా మేనేజర్ వింటే ఏడుస్తాడు" అని కన్నడంలో అంది. నేనెవరో చెప్పలేదు.

చక్కెర చల్లినది ఒకటి, చాక్లెట్ పూసినది ఒకటి తిన్నాను. నిజం చెప్పాలి కదా, బాగున్నాయి. మెత్తగా, నోట్లో పెడితే కరిగిపోయేటట్టు. బాగున్నందుకే నాకు కోపం వచ్చింది. ఇంకొకటి తోచి ఆ కోపం పెరిగింది. పీర్ల పండగకు మీరు తెచ్చినదీ ఇదీ రుచిలో ఇసుమంత తేడా లేదు. నా బిడ్డ చెయ్యి ఉన్నప్పుడూ ఇదే, నా బిడ్డ చెయ్యి లేనప్పుడూ ఇదే. అదెట్లా కుదురుతుంది? తిక్కయ్య పెండ్లాం పోయినప్పుడు ఆరు నెలలు ఆయన పాకం కుదరలేదు. ఒకనాడు ముదురు, ఒకనాడు నీళ్లు. ఊరంతా ఆ నీళ్ల పాకం వడలే మాట్లాడకుండా తిన్నారు. మనిషి పోతే రుచి పోవాలి. అక్కడ ఒక టోపీ తీసి ఇంకొక తలకు పెడతారు, వడ మాత్రం అట్లాగే వస్తుంది.

లేచి వచ్చేద్దామనుకుంటూ ఉండగా ఈశ్వరి చేతిలో పట్టకారు జారి ఒక డోనట్ కింద పడింది. తీసి చెత్త డబ్బాలో వేస్తుందనుకున్నాను. వేసింది గానీ, వేసే ముందు రెండు చేతులతో పట్టి కళ్లకద్దుకుంది. మన ఇళ్లలో జొన్నరొట్టె ముక్క కింద పడితే చేసే పని అది. ఎవరు నేర్పారమ్మా ఇది అని అడిగాను. "ఇల్లి మహాదేవి అంత ఒబ్బళు ఇద్దళు" అని మొదలుపెట్టింది, ఇక్కడ మహాదేవి అని ఒకతె ఉండేదని. మిగిలిపోయిన డోనట్లు పారేయమంటే ఒక్కొక్కటీ కళ్లకద్దుకుని వేసేదంట. మేనేజర్ మొదట్లో నవ్వేవాడంట. ఇప్పుడు అందరికీ చేతులు అట్లాగే పోతాయంట. ఫర్జానా ఉన్నప్పుడు ఆ పిల్ల కూడా అట్లాగే చేసేదని చెప్పింది.

నాకు ఊరట కలిగిందని అనుకోవద్దు. ఇంకా నిలకడ పోయింది. రెండో డోనట్ సగం తిన్నది అట్లాగే వదిలేసి బయటపడ్డాను.

15-11-2024, శుక్రవారం, ఎమ్మిగనూరు.

జాబు మంగళవారమే పోస్టులో వేయాల్సింది. వేయలేదు. రైక సందులో పెట్టుకుని తిరుగుతున్నాను. బుధవారం మాబు సాబ్ దగ్గర రెండు బాదుషాలు తిన్నాను. పైన పొరలు పొరలుగా విరిగి, లోపల పాకం. బెంగళూరులో తిన్నదాని గురించి చెబితే ఆయన నవ్వి, "అదేముందమ్మా, మా బాదుషాకే బొక్క పెట్టి చల్లగాలి మెషిన్ కింద కూచోబెడితే దొరసాని అయింది" అన్నాడు. మహాదేవి గురించి ఆయనకు తెలుసు. అందుకే నవ్వి, మళ్లీ నవ్వినందుకు తల దించుకుని ఇంకొక బాదుషా పొట్లం కట్టి ఇచ్చాడు. తినలేకపోయాను. మిల్లులో పంచేశాను.

ఈరోజు బస్సెక్కి మీ ఊరు వచ్చాను. ఇప్పుడు తిక్కయ్య బండి పక్కన బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. వేడివేడి ఉద్ది వడను బెల్లం పాకంలో ముంచి ఇచ్చాడు. చిల్లు ఒకదానికి మధ్యలో ఉంది, ఒకదానికి అంచుకు పోయింది. అంచు కరకరలాడుతుంది, మధ్యలో పాకం ఊరి జారుతుంది. నిన్నటిలా ఈరోజు ఉండదు. వానపడితే ఇంకొక రుచి. నేను బెంగళూరు కొట్టు సంగతి చెప్పి, తింటూ తింటూ రాయడం చూసి తిక్కయ్య ఊరుకోలేదు. "ఏమక్కా, ఆడ రెండు ఈడ రెండు తిని పంచాయితీ తీర్పు రాస్తాండావా? నేను గెలిస్తే సెప్పు, బోర్డు రాయించుకుంటా. ఓడితే మాత్రం సెప్పొద్దు, ఇంటికాడ మర్యాద పోతాది" అన్నాడు. నువ్వు ఎట్లా ఉన్నావని నేను అడిగితే గరిటె ఆపి, "ఆ పిల్ల నా బండికాడికి వచ్చి మూడు నెలలాయె. ముందైతే పొద్దున్నే వచ్చి, అన్నా, ఇయ్యాల చిల్లు సక్కగా రాలేదని వంకలు పెట్టేది" అన్నాడు.

ఇంతకు ముందే మీ వీధి మలుపు దాకా వచ్చాను. నువ్వు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ కనపడ్డావు. చిక్కిపోయావు. పిలుద్దామని నోరు తెరిచి, వెనక్కి తిరిగి వచ్చేశాను. మీ వీధి దాకా వచ్చి ఇట్లా తిరిగి రావడం ఇది రెండోసారి.

తిక్కయ్య అడిగిన తీర్పు నా దగ్గర లేదు ఫర్జానా. ఆ గాజు పెట్టెలోనిదీ మంచిదే, ఈ బండి మీదిదీ మంచిదే. ఒకటి ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది, ఒకటి చేసిన మనిషిని బట్టి ఉంటుంది. అంతకు మించి నేను కనిపెట్టింది ఏమీ లేదు. నిన్ను తిట్టడానికి ఒక సాకు దొరుకుతుందేమోనని ఇంత దూరం తిరిగాను. దొరకలేదు.

నువ్వు ఒకటో తేదీకి బెంగళూరు పో. టీలో చక్కెర వేసుకో. నా మాటకు విలువ ఇచ్చి మూడు నెలలు తీపి మానేశావు కదా, అదే విలువ ఇచ్చి ఇప్పుడు తిను. నా నోటితో అన్నదాన్ని నా చేత్తో కొట్టేస్తున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే సిన్నమ్మ,
హులిగమ్మ.

మరొక మాట. కవరు అంటించబోయి మళ్లీ విప్పాను. ఇది రాయకపోతే పైన రాసినదంతా దొంగ రాత అవుతుంది. నువ్వు డ్యూటీకి పోయిన ఆ పొద్దున మహాదేవికి ఒళ్లు కాలుతోందని చూసి, రైలెక్కిస్తాను ఊరికి పో అన్నావంట కదా. నువ్వు స్నానానికి పోయినప్పుడు అది నాకు ఫోన్ చేసింది. "మా, జరం ఎక్కువుంది, ఒళ్లంతా నొప్పులు, వచ్చేస్తా" అంది. నేను వద్దన్నాను. నీకు తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు తెచ్చిన డోనట్ల డబ్బాను సబ్బు డబ్బా అని ఎగతాళి చేసినదాన్ని, మరునాటి నుంచి అందులోనే రొట్టెలు పెట్టుకుని మిల్లుకు పోయేదాన్ని, నలుగురూ అడగాలని. అడిగితే, నా కూతురికి ట్రైనింగ్ తెల్లటోపీ పోయి ఒకటో తేదీకి గోధుమరంగు టోపీ వస్తుంది, పర్మనెంట్ అవుతుంది అని చెప్పుకునేదాన్ని. వాళ్లు "సూస్తాం కదా, మూట కట్టుకుని వస్తాది" అని నవ్వేవాళ్లు. ఆ రోజు ఒకటో తేదీకి ఇంకా నాలుగు రోజులే. అందుకని, "ఇంత దాకా ఉండి ఇప్పుడొస్తే నా మొగం యాడ పెట్టుకునేది, మాత్ర ఏసుకుని పండుకో" అన్నాను. "ఫర్జానా ఊరుకోదు మా, టికెట్టు తీస్తానంటాది" అంది. "తగ్గిందని సెప్పు" అన్నాను. "సరేమా" అంది. నువ్వు నమ్మినది మహాదేవి మాట కాదు, నా మాట. ఈ జాబు మీ అమ్మకు చదివి వినిపించు. మహాదేవి నాయనకు ఇంటికి పోగానే నేనే చెబుతాను. నిన్ను అందరి ముందర అన్నాను కాబట్టి ఇది కూడా అందరి ముందరే చెప్పాలి. ఆదివారం పొద్దున మీ వీధికి వస్తాను. ఈసారి మలుపు దగ్గర తిరిగిపోను. మీరు తలుపు తీయకపోయినా, ఎదురిళ్లవాళ్లకు వినపడేటట్టు గడప ముందర నిలబడి చెప్పి పోతాను.