అమ్మ ఫోటో మీద ముద్ర

శ్రీకాకుళం,
గురువారం, సెప్టెంబరు 2016.

చిరంజీవి షీబాకు నాన్న ఆశీర్వచనాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మన ఇంట్లో మీ అమ్మ పని. ఇప్పుడు ఆ మాట నేను రాయాలి. అందరం అంటే నేనొక్కణ్ణే కాబట్టి, నేను క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఫోనులో మొదలుపెడితే ఇద్దరం గొంతు పెంచుతున్నామని, ఉత్తరమే రాయమన్నావు. నీ ఉత్తరం సోమవారం అందింది. దీన్ని మీ పిన్ని కూతురు మెర్సీ చేతికి ఇస్తున్నాను. సాయంత్రం రైలుకి హైదరాబాదు వస్తోంది. రేపు నీకు అందుతుంది. శనివారంలోగా నువ్వు చదవడం అవసరం. ఎందుకో చెబుతాను.

ముందు నువ్వు అడిగినవి. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంట జగ్గమ్మ చేసిపెడుతోంది. కూర చప్పగా ఉందంటే, "మీ నోటికి రుసి నేదు బాబూ, నా సేతిదేటి తప్పు?" అంటోంది. నిజమే కావచ్చు. కాలేజీలో పాఠాలు తగ్గించుకోలేదు. తరగతిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. సమాధి రాయి వచ్చింది. బైబిలు వాక్యం నువ్వు చెప్పిందే చెక్కించాను. కాని అమ్మ పేరు 'లీలారాణి'లో 'రాణి'ని కింది వరసకు దించేశాడు. మళ్లీ చెక్కమన్నాను.

ఆ ఫోటో మీరు చూశారా, ఎవరు చూపించారు అని అడిగావు. చూశాను. అసిరయ్య అనే రైతు చూపించాడు. ఊరు భోగాపురం దగ్గర. విమానాశ్రయానికి భూమి పోయేవాళ్లలో ఒకడు. జీడితోట ఉంది. పోయిన శనివారం మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. నువ్వు పనిచేసే 'నిగ్గు' సైటు. పెట్టెలో మీ అమ్మ. కింద, "భూమి పోతుందన్న బెంగతో ఆగిన రైతు భార్య గుండె" అని ఉంది.

సమాధికి తీసుకెళ్లే ముందు తెరిచిన పెట్టె చుట్టూ ఇంటివాళ్లం నిలబడి ఫోటో తీయించుకుంటాం. బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మనకి అది ఆ మనిషితో చివరి కుటుంబ ఫోటో. నువ్వు దాన్ని నీ ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నావు. ఎవరో తీసుకుని, మనల్నందరినీ కత్తిరించి, అమ్మను మాత్రం ఉంచి మీ ఎడిటరు గురుప్రసాద్‌కు పంపారని, అది మీ అమ్మేనని నువ్వు చెప్పేదాకా ఆయనకు తెలియదని రాశావు. నమ్ముతున్నాను. నువ్వు చెప్పాక కూడా ఫోటో అక్కడే ఉంది. నేను అడిగేది దాని గురించి.

జూన్‌లో, విమానాశ్రయం కావాలనే అవతలి పార్టీ పేపరు, చెక్కులు పట్టుకుని నవ్వుతున్న రైతుల ఫోటో వేసింది. భోగాపురం రైతులు సంతోషంగా భూములిస్తున్నారని రాసింది. వెనక దుకాణం బోర్డు మీద ఒరియా అక్షరాలు పట్టుకుని, అది ఒడిశాలో ఎప్పుడో తీసిందని నువ్వు ఒక్క పూటలో తేల్చావు. అడ్డంగా ఎర్ర ముద్ర వేశావు. 'అబద్ధం'. స్టాఫ్ రూంలో అందరికీ నా ఫోను తిప్పి తిప్పి చూపించాను. ఇప్పుడు మన ఫోటో మూలన లేత అక్షరాలతో "పరిశీలనలో ఉంది" అని రాశారు. ఏమిటి పరిశీలన? పెట్టెలో ఉన్నది ఎవరో నీకు తెలియదా?

"శీర్షిక తప్పు కావచ్చు, రైతుల బాధ అబద్ధం కాదు. అది వేరు, ఇది వేరు. వాళ్లు రోజూ అబద్ధాలు అచ్చేస్తుంటే మన ఒక్క పొరపాటు మనమే చాటి, వాళ్ల చేతికి కర్ర ఇవ్వాలా?" అని రాశావు. ఆ బాధ పడుతున్నవాడు ఏమన్నాడో విను.

"మా ఊర్లోన గుండాగి ఎవులూ సావనేదు బాబూ. మొన్న పరిహారం మీటింగులోన, నా జీడిసెట్లు తక్కువేసి రాసినారు, మల్లీ సూడండని నెగిసి అడిగినాను. ఒకాయన ఈ పోటో సూపించి, 'సచ్చిన మనిసే మీ ఊరి మనిసి కాదు, నీ సెట్లు మాత్రం నిజవేటి?' అన్నాడు. అందరూ నవ్వినారు. ఈ అబద్దం మేం ఆడింది కాదని సెప్పుకోవాల. ఈయమ్మ ఎవులో తెలవాల."

వెనక గోడ చూసి అది మన చర్చి అని ఎవరో చెప్పారట. చర్చిలో అడిగితే, "మాస్టారిని అడుగు, ఆయన చెబితేనే బాగుంటుంది" అని పంపించారట.

ఆదివారం వేంకటాచలం వచ్చాడు. గుర్తుందిగా, నా దగ్గర డిగ్రీ చదివినవాడు. ఇప్పుడు ఆ చెక్కుల ఫోటో వేసిన పేపరుకే విలేకరి.

"మాస్టారూ, ఒక్క మాట చాలు. 'ఈవిడ నా భార్య' అనండి. రేపు మొదటి పేజీ. నిజం కోసమండి!"

"చెక్కుల ఫోటోకి సవరణ వేశారా?" అన్నాను.

"అది వేరండి. ఏదో ఫైలు ఫోటో పొరపాటున పడిపోయింది. ఇది కుట్ర."

"రెండూ పక్కపక్కన వేయి. నా మాట ఇస్తాను."

"మీరింకా క్లాసులోనే ఉండిపోయారు మాస్టారూ," అని నవ్వి, కాఫీ తాగి వెళ్లాడు. మరునాడు నీ ఉత్తరం వచ్చింది. అందులోనూ 'అది వేరు' అన్న మాట చూశాను.

ఇంతవరకు రాసింది నిన్ను తప్పుపట్టడానికి బాగానే ఉంది. ఇక నా సంగతి.

ఆ శనివారం అసిరయ్య, "ఈయమ్మ మీ ఇంటావిడేనా బాబూ?" అని అడిగాడు. కాదన్నాను. ఎవరో తెలియదన్నాను. నీ ఉద్యోగం గుర్తొచ్చింది, అనేశాను. ఎదురుగా గోడ మీద మీ అమ్మ ఫోటో ఉంది. అతను దాన్ని చూశాడు. నన్ను చూశాడు. "సరే బాబూ, పొరపాటైపోనాది," అని లేచాడు. జగ్గమ్మ తెచ్చిన మజ్జిగ ముట్టుకోలేదు. ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. ఇంట్లో గోడవైపు చూడకుండా తిరిగాను.

మంగళవారం కాలేజీకి సెలవు పెట్టి భోగాపురం బస్సెక్కాను. అసిరయ్య తోటలో ఉన్నాడు. ఆమె నా భార్య అని చెప్పాను. కిడ్నీ జబ్బుతో ఆస్పత్రిలో పోయిందని, మాకు సెంటు భూమి లేదని చెప్పాను.

"మరి ఆవేళ కాదన్నారేటి?"

"ఆ ఫోటో పెట్టిన చోటే మా అమ్మాయి పనిచేస్తోంది."

"నాకూ పిల్లలున్నారు బాబూ," అన్నాడు. "సెనివారం మల్లీ మీటింగు. మిమ్మల్ని నేను లాగను. వొస్తే మాత్రం అంతా సెప్పాల. సగం సెప్తే మల్లీ నవ్వుతారు."

వస్తానన్నాను.

కాబట్టి ఎల్లుండి నేను లేచి నిలబడతాను. పెట్టెలో ఉన్నది లీలారాణి అని, భోగాపురంతో ఆమెకు ఏ సంబంధమూ లేదని చెబుతాను. చెక్కుల ఫోటో కూడా అబద్ధమేనని చెబుతాను. వేంకటాచలం అక్కడ ఉంటాడు. నా మాటల్లో సగం రాసుకుంటాడు, సగం వదిలేస్తాడు. ఏ సగమో నీకు తెలుసు. అందుకే ముందుగా నువ్వు మొత్తం రాయాలి. గురుప్రసాద్ ఒప్పుకోకపోతే నీ పేరు మీద రాయి.

ఇంకొకటి. వాళ్లు కత్తిరించినప్పుడు పెట్టె అంచు మీద నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. నీవి. ఎవరివని సభలో అడిగితే మా అమ్మాయివని చెబుతాను. మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే అదీ చెబుతాను. రెండోసారి కాదనడం నా వల్ల కాదు. నీ ఉద్యోగం పోవచ్చు. తెలిసే రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను. కోపం వస్తే కోపంగానే ఉత్తరం రాయి, రాయడం మాత్రం మానకు.

ముద్ర వేస్తే ఆ ఎర్ర అక్షరాలు మీ అమ్మ ముఖానికి అడ్డంగా పడతాయి. ఇన్నాళ్లూ నువ్వు వేయలేకపోయింది అందుకేనని, పార్టీ కోసం కాదని అనుకుంటున్నాను. నాకూ ఆ ముఖం మీద ఆ మాట చూడటం కష్టమే.

వేయి.

ఇట్లు,
మీ నాన్న,
కృపానిధి.