మోకాలు లేని కాలు

ప్రియమైన వంటాయనకు,

కొండ మీద సొరంగం తవ్వేవాళ్ళకు మీరు వండిపెడుతుంటే ఇక్కడ నా కూరలో ఉప్పే కుదరడం లేదు. స్కూలు యూనిఫారాల కుట్టు ముంచుకొచ్చింది. ఆపరేషన్ చేసి పెట్టిన లోహపు మోకాలు రెండేళ్ళుగా నోరెత్తలేదు కానీ, ఇప్పుడు ఉబ్బి పెనంలా కాలుతోంది. మడిస్తే ప్రాణం పోతోంది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతోంది. చీము పట్టిన పన్ను కూడా ఇంకా పీకించుకోలేదు. నిలబడి బట్ట కత్తిరించడం వల్లేనేమో, కంగారు పడకండి.

మీ కత్తెర

ప్రియమైన కత్తెరా,

కంగారు పడొద్దని రాస్తే ఆగుతుందా? నా గొంతు నొప్పికి ఇచ్చిన మాత్రలు అల్మారాలో మిగిలాయి. బలమైనవి, అవి వేసుకో. కాలు దిండు మీద పెట్టుకో. చెబితే వినవని తెలుసు, అయినా రాయకపోతే చెయ్యి ఊరుకోదు.

నీ వంటాయన

ప్రియమైన మీకు,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతాయి. నా మోకాలు తీసేశారు.

కాలు ఉంది. లోపల పెట్టిన మోకాలు లేదు.

మాత్రలకు జ్వరం దిగింది, నయమైందనుకున్నాను. అవి అయిపోగానే అంతా రెండింతలై తిరిగొచ్చింది. ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ సూదితో మోకాల్లోంచి నీరు లాగింది. చిక్కగా, పచ్చగా ఉంది. పరీక్షలో మాత్రం క్రిమి దొరకలేదు.

"ముందే ఏమైనా మందులు వాడారా?" అంది. చెప్పాను. కలం కింద పెట్టేసింది.

"అలా వాడితే అది చావదమ్మా, దాక్కుంటుంది. ఏ మందుకు చస్తుందో మాకు తెలియకుండా పోతుంది."

ఏ మందూ లేకుండా కొన్నాళ్ళు ఆగి మళ్ళీ లాగితే దొరికింది. పంటి చీములోంచి రక్తంలో పడి వచ్చి ఉంటుందట. లోహానికి ఒకసారి పట్టుకుంటే మందులకు వదలదట. అప్పటికే పక్క ఎముకనూ తినేస్తోంది. అందుకే లోహం తీసి, ఎముక గీకి, ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టారు. వారాల తరబడి నరంలోకి మందు. శుభ్రపడితేనే కొత్త మోకాలు.

"లేకపోతే?" అన్నాను.

"అది అప్పుడు చూద్దాం" అంది.

చెయ్యి వేసి చూసుకుంటే నా కాలు కాదనిపిస్తోంది.

మీ కత్తెర

ప్రియమైన కత్తెరా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. ఆ తర్వాత అన్నం మాడిన వాసన కూడా నాకు తెలియలేదు, మేస్త్రి వచ్చి దించాడు. నేను రాసిన రెండు ముక్కలు నీ కాలి మీదికి వచ్చాయి. నా బదులు వచ్చే మనిషి కొండెక్కగానే దిగుతాను.

నీవాడు

ప్రియమైన వంటాయనకు,

మాత్రలు రాసింది మీరే, మింగింది నేను. ఆ లెక్క అక్కడికి వదిలేయండి. పన్ను పీకించుకున్నాను. రక్త పరీక్షలు దారికొస్తున్నాయి, ఇలాగే ఉంటే కొత్త మోకాలు పెడతామన్నారు.

మీరు వచ్చాక చూసి హడలిపోకూడదని ఒకటి ముందే రాస్తున్నాను. నిన్న చేతికర్రలతో నిలబెట్టారు. నిలబడగానే గది పక్కకు ఒరిగింది.

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను.

"కళ్ళు కాదమ్మా, కాలు. వేలెడు పొట్టి అయింది" అంది నర్సు.

పోయిన ఎముక తిరిగి రాదట, కొత్త మోకాలు పెట్టినా ఆ తేడా కొంత మిగలొచ్చట. తర్వాత సూదీ దారం తెప్పించుకుని, మీరొచ్చే రోజు తొడుక్కుందామనుకున్న ప్యాంటు ఒక కాలి అంచు పైకి మడిచి కుట్టాను. తీరా చూస్తే మంచి కాలి వైపు కుట్టేశాను. విప్పి, మళ్ళీ కుట్టాను.

మీ కత్తెర